మెడలో ఒక డిస్క్ బిగిస్తే పక్క డిస్క్ ఎందుకు అరుగుతుంది?

మెడ ఆపరేషన్ అయ్యాక ఏడెనిమిదేళ్లు బాగానే గడుస్తాయి. తర్వాత ఒకరోజు చెయ్యి మళ్లీ లాగడం మొదలవుతుంది. ఎమ్మారై తీయిస్తే పాత ఆపరేషన్ చోటు చక్కగా అతుక్కుందనీ, దాని పైనో కిందో ఉన్న డిస్క్ (రెండు పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బి నరాన్ని నొక్కుతోందనీ రిపోర్టు వస్తుంది. లోపల పెట్టిన ప్లేటు, స్క్రూలే ఈ డిస్క్‌ను పాడుచేశాయా అన్న అనుమానం అప్పుడు రాకమానదు. ఒక డాక్టరు "వయసు" అని తేల్చేస్తారు, ఇంకొకరు "ఫ్యూజన్ (రెండు పూసలను కలిపి అతికించడం) చేస్తే అంతే" అంటారు. రెండిట్లోనూ సగం నిజమే ఉంది. బిగించిన చోటు నుంచి పక్క డిస్క్ మీదికి భారం పోతుంది. ఆ డిస్క్ చాలాసార్లు ముందే అరుగుదల దారి పట్టి ఉంటుంది. ఇంకో సంగతి గురించి మాత్రం పెద్దగా మాట్లాడరు. ప్లేటు ఎంత పొడవుంది, ఎక్కడ కూర్చుంది, మెడ ఏ వంపులో అతుక్కుంది అన్నది కూడా పక్క డిస్క్ భవిష్యత్తును మారుస్తుంది. వయసును, పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరూ మార్చలేరు కాబట్టి, ఆపరేషన్ బల్ల మీద జాగ్రత్తపడటానికి వీలున్న భాగం అదే.

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి, పైనుంచి వరసగా వాటిని సీ1, సీ2 అంటూ సీ7 దాకా పిలుస్తారు. పై రెండింటి మధ్య డిస్క్ ఉండదు. సీ2-సీ3 నుంచి మొదలై సీ7కీ ఛాతీ మొదటి పూసకీ మధ్య దాకా మొత్తం ఆరు డిస్కులు. తల అడ్డంగా తిప్పే కదలికలో దాదాపు సగం పైనున్న సీ1-సీ2 కీలు దగ్గరే జరిగిపోతుంది. అందుకే కింద ఒక డిస్క్ బిగించినా పక్కకు తిరిగి చూడటానికి పెద్ద ఇబ్బంది ఉండదు. తల ముందుకు వంచడం, వెనక్కి వాల్చడం వేరే లెక్క. ఈ కదలికలో సీ4-సీ5, సీ5-సీ6 ఒక్కోటీ సుమారు 20 డిగ్రీలు, సీ6-సీ7 సుమారు 17 డిగ్రీలు కదులుతాయి. పైనున్న సీ2-సీ3 సుమారు 10, అన్నిటికన్నా కిందిది సుమారు 9 డిగ్రీలే. ఎక్కువ కదిలేవే ఎక్కువ అరుగుతాయి. మెడ డిస్క్ ఆపరేషన్లలో అత్యధికం సీ5-సీ6, సీ6-సీ7 దగ్గరే జరగడానికి ఇదొక కారణం. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్దవాళ్ల డిస్క్‌లో రక్తనాళాలు దాదాపు ఉండవు. పైనా కిందా ఆనుకుని ఉండే పల్చటి మృదులాస్థి పొర, అంటే ఎండ్‌ప్లేట్ గుండా పోషకాలు మెల్లగా ఇంకి లోపలి కణాలకు అందాలి. ఆ పొర గట్టిపడినా, దెబ్బతిన్నా డిస్క్ ఆకలితో ఎండుతుంది, నీరు తగ్గుతుంది, ఎత్తు పడిపోతుంది. ఒకసారి దెబ్బతిన్న డిస్క్ తనంతట తాను మళ్లీ కోలుకోదు.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. దీన్ని ఏసీడీఎఫ్ అంటారు. మెడ ముందువైపు నుంచి డిస్క్ తీసేసి, పైపూసనీ కిందిపూసనీ కలిపి ఒకే ఎముకగా అతికించడం. అమెరికాలో స్మిత్, రాబిన్సన్ అనే సర్జన్లు 1950ల్లో చెప్పిన దారినే ఇప్పటికీ చాలావరకు అనుసరిస్తున్నారు. మెడ ముందు మూడు నాలుగు సెంటీమీటర్ల అడ్డకోత పెడతారు. శ్వాసనాళం, అన్నవాహిక ఒకవైపు, మెడలోని పెద్ద రక్తనాళాలు ఇంకోవైపు జరిపి, మధ్య సందులోంచి వెన్నుపూసల దగ్గరికి చేరతారు. ఏ డిస్కో నిర్ధారించుకోవడానికి ఒక సూది గుచ్చి సీ-ఆర్మ్ ఎక్స్‌రే చూస్తారు. పైపూసలో ఒకటి, కిందిపూసలో ఒకటి పిన్ను బిగించి సందు పెద్దది చేసి, డిస్క్ మొత్తం తీసి, నరాన్ని నొక్కుతున్న ఎముక ముళ్లను గీకేస్తారు. ఖాళీ అయిన చోట సాధారణంగా 5 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తున్న కేజ్ పెడతారు. ఇది టైటానియంతోగానీ, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తోగానీ చేసిన చిన్న చట్రం. లోపల ఎముక పొడి నింపుతారు. దాని ముందు చిన్న టైటానియం ప్లేటు పెట్టి, పైపూసలోకి రెండు, కిందిపూసలోకి రెండు స్క్రూలు బిగిస్తారు. ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఆరునెలల నుంచి ఏడాది పడుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లకు అతుకు ఆలస్యం కావచ్చు, అసలు పడకపోవచ్చు కూడా.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. స్కాన్‌లో పక్క డిస్క్ అరిగినట్టు కనిపించడం వేరు, ఆ అరుగుదల వల్ల మనిషికి బాధ కలగడం వేరు. డాక్టర్లు మొదటిదాన్ని పక్క సెగ్మెంట్ క్షీణత అంటారు; నొప్పి, తిమ్మిరి, బలహీనత లాంటివి దానికి తోడైతేనే జబ్బు అంటారు. రెండూ ఒకటే అనుకోవడం వల్ల భయం పెరుగుతుంది, ఒక్కోసారి అనవసరమైన ఆపరేషన్లు కూడా జరుగుతాయి.

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే లెక్క 1999లో హిలిబ్రాండ్, ఆయన సహచరులు అమెరికాలో ప్రచురించినది. 374 మంది రోగుల్లో 409 ఫ్యూజన్లను ఏళ్ల తరబడి గమనించి, ఏడాదికి సగటున 2.9 శాతం మందికి పక్క డిస్క్ వల్ల కొత్త బాధలు వస్తున్నాయని తేల్చారు. పదేళ్లలో 25.6 శాతం, అంటే నలుగురిలో ఒకరికి అన్నమాట. ఈ 25.6 ఒక్కొక్కరినీ పదేళ్లపాటు చూసి లెక్కపెట్టిన సంఖ్య కాదు. కొందరు మధ్యలోనే పరీక్షలకు రావడం మానేస్తారు కాబట్టి గణాంక పద్ధతితో వేసిన అంచనా. అందులో చెప్పింది బాధల గురించి. బాధ వచ్చిన ప్రతివాళ్లకూ మళ్లీ ఆపరేషన్ జరగలేదు. "ఫ్యూజన్ చేయించుకుంటే పదేళ్లలో నలుగురిలో ఒకరికి రెండో ఆపరేషన్" అని ఆన్‌లైన్‌లో తిరిగే మాట ఆ అధ్యయనాన్ని సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చింది.

ప్లేటే నేరస్తురాలు అనేవాళ్ల వాదనకు బలమిచ్చేవి ప్రయోగశాల కొలతలు. మరణానంతరం దానం చేసిన మెడ ఎముకలను యంత్రంలో బిగించి, సీ5-సీ6ను ప్లేటుతో అతికినట్టు చేసి, ముందుకు వంచి చూశారు. 2002లో వచ్చిన ఒక కొలతలో పైనున్న సీ4-సీ5 డిస్క్ లోపలి ఒత్తిడి 73 శాతం, కిందున్న సీ6-సీ7లో 45 శాతం పెరిగింది. మధ్యలో 20 డిగ్రీలు కదిలే కీలు ఆగిపోతే ఆ వంపును ఇరుగుపొరుగు పంచుకోవాలి కదా.

అయితే ఆ యంత్రం చేసే ఊహను కూడా చూడాలి. ఫ్యూజన్‌కు ముందు మెడ ఎంత వంగిందో తర్వాత కూడా అంతే వంగి తీరాలని యంత్రం బలవంతపెడుతుంది. బతికున్న మనిషి అలా చేయడు. మెడ పట్టేసినట్టుంటే నడుం కొంచెం వంచుతాడు, కళ్లు దించుతాడు, పుస్తకాన్నే పైకెత్తుకుంటాడు. యంత్రాన్ని వేరేలా నడిపి, ఒకే బలం పెట్టి ఎంత వంగితే అంత వంగనిస్తే పక్క డిస్క్ మీద పెరిగే ఒత్తిడి చాలా తగ్గుతుంది. కాబట్టి 73 శాతం అన్నది ఆ యంత్రం పరిస్థితుల్లో వచ్చిన సంఖ్య, మీ మెడలో రోజూ జరిగేది కాదు. ఒత్తిడి పెరుగుతుందన్న దిశ మాత్రం నిజమే.

పుట్టుకతోనే రెండు మెడ పూసలు అతుక్కుని ఉండేవాళ్లు కొందరున్నారు. క్లిపెల్-ఫైల్ అనే స్థితి అది. వాళ్ల మెడలో ప్లేటు లేదు, స్క్రూ లేదు, కోత లేదు. అయినా అతుకు పక్కనున్న డిస్కులు తొందరగా అరగడం వాళ్లలో కనిపిస్తుంది. అంటే కదలిక ఆగిపోవడమే పక్క డిస్క్‌కు భారం. ప్లేట్లు విరివిగా వాడుకలోకి రాకముందు, తుంటి ఎముక ముక్క మాత్రమే పెట్టే రోజుల్లో కూడా ఈ సమస్య కనిపించింది.

వయసు వైపు వాదన కూడా అంతే గట్టిది. మెడ నొప్పీ, చేతి తిమ్మిరీ ఏమీ లేని మామూలు మనుషుల మెడలకు ఎమ్మారై తీసి 1990లో బోడెన్ బృందం చూసింది: 40 ఏళ్లలోపు వాళ్లలో నాలుగో వంతు మందికి, 40 దాటినవాళ్లలో 60 శాతం దాకా ఏదో ఒక డిస్క్ అరిగిపోయి ఉంది. 2015లో జపాన్‌లో 1,211 మంది ఆరోగ్యవంతులను చూస్తే 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, ఇరవై ఏళ్ల వయసువాళ్లలో కూడా ఎక్కువమందికి. ఆపరేషన్ జరగని మెడే ఇలా ఉంటే, ఆపరేషన్ జరిగిన మెడలో పక్క డిస్క్ ఎమ్మారైలో నల్లగా, అంటే ఎండినట్టు కనిపిస్తే ఆ నెపమంతా ప్లేటు మీద వేయలేం. మెడ వెనకనుంచి చిన్న రంధ్రం చేసి, ఏమీ బిగించకుండా నరాన్ని వదులుచేసే ఆపరేషన్ తర్వాత కూడా కొంతమందికి పక్క డిస్కులు జబ్బుపడతాయి.

మొదట చూస్తే తలకిందులుగా అనిపించే విషయం ఒకటి హిలిబ్రాండ్ లెక్కల్లోనే ఉంది. ఎక్కువ డిస్కులు బిగిస్తే పక్కవాటి మీద భారం ఎక్కువ పడాలి, జబ్బు ఎక్కువ రావాలి. వాస్తవంలో ఒకే డిస్క్ బిగించినవాళ్లకే పక్క జబ్బు ఎక్కువ వచ్చింది, రెండు మూడు బిగించినవాళ్లకు తక్కువ వచ్చింది. సీ5-సీ6, సీ6-సీ7 పక్కపక్కనే ఉన్నాయని పైన చెప్పుకున్నాం. అన్నిటికన్నా తొందరగా అరిగేవి ఈ రెండే. సీ5-సీ6 ఒక్కటే బిగిస్తే దాని పక్కన ప్రమాదంలో ఉన్న సీ6-సీ7 మిగిలిపోతుంది. రెండూ కలిపి బిగిస్తే ప్రమాదకరమైన చోట్లు ఆపరేషన్‌లోనే కలిసిపోతాయి. యంత్రశాస్త్రం ఒక్కటే కారణమైతే ఫలితం ఇలా రాదు. పక్క డిస్క్ ఏది, దాని స్థితి అప్పటికే ఎలా ఉంది అన్నదే ఎక్కువ ప్రభావం చూపింది. అలాగని బాధలేని డిస్క్‌ను కూడా "ముందు జాగ్రత్తగా" కలిపి బిగించేయడం సమర్థనీయం కాదు. బిగించాల్సిన డిస్కులు పెరిగేకొద్దీ అతుకు పడకపోయే ప్రమాదం, మింగడంలో ఇబ్బంది పెరుగుతాయి. ఆపరేషన్ ముందు ఎమ్మారైలో పక్క డిస్క్ ఇప్పటికే నరాన్ని నొక్కుతోందా, రోగి బాధలో దాని వంతు ఉందా అని విడిగా తేల్చుకోవాలి. "పక్కది కూడా చేసేద్దామా" అన్న మాట వస్తే, ఆ డిస్క్ వల్ల తనకు ఇప్పుడేం బాధ కలుగుతోందో చూపించమని రోగి అడగొచ్చు.

ఆపరేషన్ థియేటర్‌లో మిల్లీమీటర్లలో జరిగే తప్పులకు కూడా ఇందులో వంతు ఉంది. మొదటిది ప్లేటు పొడవు. 2005లో పార్క్, రీవ్ బృందం ప్లేటు అంచుకూ పక్క డిస్క్‌కూ మధ్య దూరం కొలిచింది. ఆ దూరం 5 మిల్లీమీటర్లకన్నా తక్కువున్నచోట పక్క డిస్క్ ముందు ఎముక పెరగడం చాలా ఎక్కువగా కనిపించింది. ఎక్స్‌రేలో ప్లేటు అంచు నుంచి ముక్కులా ఒక ఎముక పొడుచుకొచ్చి పక్క పూసవైపు సాగుతుంది. ముదిరితే పక్క డిస్క్ ముందు వంతెనలా కట్టేస్తుంది. ఎముక పొరను, పొడవాటి ముందు కండరాలను అవసరానికి మించి ఒలిచినప్పుడు ఇది మొదలవుతుందని భావిస్తారు. ఇలా పెరిగిన ఎముక చాలామందిలో నొప్పి పెట్టదు, కానీ పక్క డిస్క్ కదలికను దొంగిలిస్తుంది.

ప్లేటు పొడవైపోవడానికి కారణం సాధారణంగా బద్ధకమే. పూసల ముందు ఉన్న ఎముక ముళ్లను సాపు చేయకుండా ప్లేటు పెడితే అది సరిగ్గా ఆనదు, ఆనించడానికి ఇంకాస్త పెద్ద సైజు తీసుకుంటారు. ముళ్లను గీకి, బిగించిన సందుకు దగ్గరగానే స్క్రూలు పడేంత చిన్న ప్లేటు ఎంచుకుని, స్క్రూలను కొంచెం పైకీ కిందికీ వాలుగా పంపితే 5 మిల్లీమీటర్ల హద్దు దాటకుండా సరిపోతుంది. వాలు ఎక్కువైనా ముప్పే. స్క్రూ మొన పక్క ఎండ్‌ప్లేట్‌లోకి దిగితే డిస్క్ ఆహారపు దారికే గండి పడుతుంది. ఆపరేషన్ తర్వాత తీసిన పక్కవాటు ఎక్స్‌రేలో ఇవన్నీ మామూలు కంటికే కనిపిస్తాయి. ప్లేటు లేకుండా, స్క్రూలు కేజ్‌లోంచే పూసల్లోకి పోయే రకం కేజ్‌లు కూడా వచ్చాయి. పూస ముందు ఏమీ పొడుచుకురాదు కాబట్టి పక్క డిస్క్ ముందు ఎముక పెరగడం, మింగడానికి ఇబ్బంది వీటితో తక్కువ.

రెండోది సూది. ఏ డిస్కో గుర్తించడానికి గుచ్చే సూది పొరపాటున పక్క డిస్క్‌లోకి పోతే, అది ఆరోగ్యకరమైన డిస్క్ పొరకు రంధ్రమే. 2009లో నాస్ర్ బృందం పోల్చి చూస్తే, అలా తప్పుగా సూది దిగిన డిస్కులు తర్వాత అరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువ ఉంది. దీనికి విరుగుడు తేలిక. సూదిని డిస్క్‌లోకి కాకుండా పూస ఎముకలోకి గుచ్చి ఎక్స్‌రే తీస్తే చాలు. భుజాలు మందంగా ఉండేవాళ్లలో సీ6-సీ7 సీ-ఆర్మ్‌లో సరిగా కనపడదు. అప్పుడు భుజాలను టేపుతో కిందికి లాగి, పైనుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి.

మూడోది కేజ్ ఎత్తు, మెడ వంపు. మెడకు సహజంగా ముందుకు వంపు ఉంటుంది. ఎత్తు చాలని కేజ్ పెడితే ఆ వంపు పోయి మెడ తిన్నగానో, తిరగబడో అతుక్కుంటుంది. తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. తల ముందుకు జారిన మెడలో ఆ బరువును నిలబెట్టడానికి పై డిస్కులు, వెనక కండరాలు రోజంతా కష్టపడాలి. అలాగని ఎత్తెక్కువ కేజ్ కొట్టి దూర్చితే పూసల వెనక ఉండే చిన్న కీళ్లు, అంటే ఫాసెట్ కీళ్లు నోరు తెరుస్తాయి, మెడ నొప్పి వదలదు, కేజ్ ఎముకలోకి కూరుకుపోతుంది. సైజు చూసే పరికరాలు ఒక్కో మిల్లీమీటరు తేడాతో ఉంటాయి. పైనా కిందా ఆరోగ్యంగా ఉన్న డిస్కుల ఎత్తుతో పోల్చి సైజు ఎంచుకోవాలి.

కదలిక ఆగిపోవడమే అసలు సమస్యైతే కదిలే కృత్రిమ డిస్క్ పెట్టొచ్చు కదా అన్న ఆలోచన అమెరికాలో 2007లో ప్రెస్టీజ్, ప్రోడిస్క్-సీ అనుమతులతో మార్కెట్‌కొచ్చింది. రెండు పక్కపక్క డిస్కులకు కూడా వాడొచ్చని మొదట అనుమతి పొందింది మోబి-సీ, 2013లో. దాని ఏడేళ్ల ఫలితాల్లో, ఒక డిస్క్ మార్చినవాళ్లలో పక్క డిస్క్‌కు మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు 3.7 శాతం, ఫ్యూజన్ చేయించుకున్నవాళ్లలో 13.6 శాతం. రెండు డిస్కుల విషయంలో 4.4కు 11.3. తేడా చిన్నది కాదు. అయితే ఈ పరీక్షలు తయారీ కంపెనీల ఖర్చుతో జరిగినవి. ఎవరికి ఏం పెట్టారో సర్జన్‌కూ తెలుసు, ఆపరేషన్ తర్వాత రోగికీ తెలుసు. ఫ్యూజన్ అయిన మనిషి చెయ్యి లాగుతోందంటే మళ్లీ ఆపరేషన్ చేద్దామని తేలిగ్గా అనిపిస్తుంది, కొత్త డిస్క్ పెట్టిన మనిషికి ఇంకొన్నాళ్లు చూద్దామనిపిస్తుంది. ఈ మొగ్గు లెక్కల్లోకి కొంత చొరబడుతుంది. అది తీసేసినా కృత్రిమ డిస్క్‌కు కొంత మేలు మిగులుతుందనే నా అంచనా, సరైన రోగిని ఎంచుకుంటేనే.

ఆ ఎంపిక చాలామందిని బయటికి నెట్టేస్తుంది. వెనక ఫాసెట్ కీళ్లు అరిగినవాళ్లకు, ఎముక గుల్లబారినవాళ్లకు, మెడ వంపు తిరగబడినవాళ్లకు, డిస్క్ ఎత్తు బాగా పడిపోయి కదలికే లేనివాళ్లకు కృత్రిమ డిస్క్ పనికిరాదు. యాభైలు, అరవైలు దాటి, ఏళ్ల తరబడి ఓర్చుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ జాబితాలోనే తేలతారు. నల్గొండ ఫ్లోరోసిస్ ప్రాంతాలవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. వాళ్లలో కొందరికి వెన్నుపూసల వెనక ఉండే లిగమెంటు (పూసలను కలిపి పట్టే పట్టీ) ఎముకగా మారి వెన్నుపామును నొక్కుతుంది, మెడ అంతా దానంతటదే బిగుసుకుపోతుంది. లిగమెంటు ఎముకగా మారే జబ్బు ఉన్నచోట కదిలే డిస్క్ పెట్టకూడదు. కదలిక ఉంటే ఆ ఎముక ఇంకా పెరగొచ్చు. అలాంటి మెడకు ఆపరేషన్ చాలావరకు వెనకవైపు నుంచే చేస్తారు. కృత్రిమ డిస్క్ చుట్టూ ఎముక పెరిగి చివరికి అది కూడా కదలకుండా బిగుసుకుపోయే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి చేయించుకున్న ఫ్యూజన్‌గా మిగులుతుంది.

ఇప్పుడు లక్షణాలు. సీ5-సీ6 దగ్గర నొక్కితే దెబ్బతినేది ఆరో నరం. నొప్పి చెయ్యి బయటివైపు నుంచి బొటనవేలు, చూపుడువేలు దాకా లాగుతుంది. సీ6-సీ7 దగ్గరైతే ఏడో నరం. మధ్యవేలు తిమ్మిరెక్కుతుంది, మోచెయ్యి చాచి నెట్టే బలం తగ్గుతుంది. ఇంకా కింద అయితే చిటికెన వేలు, పిడికిలి పట్టు. పై సీ4-సీ5 అయితే వేళ్లకు ఏమీ ఉండదు, భుజం పైకెత్తలేకపోతారు. దీన్ని భుజం జబ్బు అనుకుని నెలల తరబడి భుజానికి వైద్యం చేయించుకునేవాళ్లు ఎందరో. పాత ఆపరేషన్ సీ5-సీ6కు జరిగి, అప్పట్లో బొటనవేలు తిమ్మిరి ఉండేది, ఇప్పుడు మధ్యవేలు తిమ్మిరి మొదలైందంటే కింది డిస్క్‌ను అనుమానించాలి. పాత వేలే మళ్లీ తిమ్మిరెక్కితే పక్క డిస్క్‌ను నిందించే ముందు పాత చోటు అసలు అతుక్కుందా అని చూడాలి. చెయ్యి తలమీద పెట్టుకుంటే నొప్పి తగ్గడం నరం నొక్కుడుకు మంచి ఆనవాలు.

అతుకు పడకపోవడం ఈ జబ్బుకు అచ్చం కవలలా కనిపిస్తుంది, కాలంలోనే తేడా. సాధారణంగా అతుకు పడనివాళ్లకు నొప్పి మొదటి ఏడాది రెండేళ్లలోనే తిరగబెడుతుంది. పక్క డిస్క్ జబ్బు ఏళ్లు మంచిగా గడిచాక వస్తుంది. తేల్చుకోవడానికి తల పూర్తిగా వంచి ఒక ఎక్స్‌రే, పూర్తిగా వాల్చి ఒక ఎక్స్‌రే తీస్తారు. బిగించిన రెండు పూసల వెన్నుముళ్ల (పూస నుంచి వెనక్కి పొడుచుకొచ్చే కొసల) మధ్య దూరం రెండు ఫిల్ముల్లో ఒక మిల్లీమీటరులోపే మారితే అతుకు పడ్డట్టు. రోగి భయంతో మెడ సరిగా వంచకపోతే ఈ కొలత మోసం చేస్తుంది. పక్కనున్న, బిగించని పూసల వెన్నుముళ్ల మధ్య దూరం కనీసం నాలుగు మిల్లీమీటర్లు మారిందా అని కూడా చూసుకుంటేనే ఆ ఫిల్ము నమ్మదగింది. ఇంకా అనుమానముంటే పల్చటి ముక్కల సీటీ. ఎమ్మారైకి టైటానియం ప్లేటు వల్ల ప్రమాదం లేదు. బొమ్మలో ప్లేటు చుట్టూ నల్లటి మచ్చ పడుతుంది గానీ, పక్క డిస్క్ సాధారణంగా కనిపిస్తుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకునే కార్పల్ టన్నెల్ కూడా వేళ్ల తిమ్మిరిగానే వస్తుంది, ముఖ్యంగా రాత్రిపూట. నరాల పరీక్ష చేయించకుండా మెడకు రెండో ఆపరేషన్‌కు పోకూడదు.

వీటిలో దేనికీ ఆగకూడని పరిస్థితి వెన్నుపాము నొక్కుకోవడం. చొక్కా గుండీలు పెట్టుకోవడం తడబడుతుంది, అన్నం కలపడంలో వేళ్లు మాట వినవు, చీకట్లో నడక తూలుతుంది, మెడ వంచితే వీపులోంచి కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. నొప్పి లేకపోవచ్చు, అందుకే జనం పట్టించుకోరు. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. పది సెకన్లలో పిడికిలి పూర్తిగా మూసి, పూర్తిగా తెరవాలి. ఆరోగ్యవంతులు ఇరవైసార్లు చేయగలరు. అంతకు బాగా తగ్గితే, నడక కూడా తేడాగా ఉంటే వారాల తరబడి ఆగకుండా వెన్నెముక సర్జన్‌ను కలవాలి. మలమూత్రాల మీద పట్టు పోతే ఆ రోజే.

వెన్నుపాము బాగుండి, నరం మాత్రమే నొక్కుతుంటే ఆరు నుంచి పన్నెండు వారాలు ఆపరేషన్ లేకుండా ప్రయత్నించడం న్యాయం. చాలామందికి ఈ గడువులోనే తగ్గుతుంది. నొప్పి మాత్రలు కొద్దిరోజులు, తర్వాత ఫిజియోథెరపీ: అరచెయ్యి నుదుటికి, చెంపకు, తల వెనక భాగానికి ఆనించి, తల కదలకుండా నెట్టే వ్యాయామాలు, భుజపు రెక్కలను వెనక్కి బిగించేవి. కాలర్ రెండు మూడు వారాలకు మించి పెడితే కండరాలు వాడిపోతాయి. సెలూన్‌లో మెడ టక్కుమనిపించుకోవడం ఒకసారి ఫ్యూజన్ అయినవాళ్లు జన్మలో చేయించుకోకూడదు. అతుక్కున్న చోట కదలదు కాబట్టి ఆ మెలిక మొత్తం పక్క డిస్క్ మీదే పడుతుంది. బరువులు తలమీద మోసే పనికి కూడా ఇదే వర్తిస్తుంది. ఫోను, లాప్‌టాప్ కంటి ఎత్తుకు తెచ్చుకోవడం సుఖం కోసం మంచిదే, అయితే అలా చేస్తే పక్క డిస్క్ అరుగుదల ఆగుతుందని చెప్పడానికి ఆధారం లేదు. పొగ మానేయడం మాత్రం అతుకుకూ, డిస్క్‌కూ కూడా మేలు.

రెండో ఆపరేషన్ తప్పనిసరైతే దారులు కొన్ని ఉన్నాయి. మెత్తటి డిస్క్ ముక్కో, చిన్న ముల్లో ఒక పక్క నరాన్ని నొక్కుతుంటే వెనకనుంచి చిన్న రంధ్రం చేసి నరాన్ని వదులుచేస్తే సరిపోవచ్చు, మళ్లీ ఏమీ బిగించక్కర్లేదు. ముందునుంచే వెళ్లాల్సి వస్తే, పాత ప్లేటు అలాగే ఉంచి పక్కన ప్లేటు లేని కేజ్ పెట్టడం ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నారు. పాత ప్లేటు అడ్డొస్తే తీయాలి. పాత కోత దగ్గర మచ్చ కణజాలం గట్టిపడి ఉంటుంది కాబట్టి అవతలివైపు నుంచి వెళ్లాలని సర్జన్‌కు అనిపించొచ్చు. ఆ నిర్ణయానికి ముందు గొంతులోకి కెమెరా పంపి స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో చూసి తీరాలి. మొదటి ఆపరేషన్‌లో ఒకవైపు స్వరనరం మౌనంగా దెబ్బతిని ఉండొచ్చు. గొంతు మామూలుగానే ఉన్నట్టు అనిపించినా సరే. ఇప్పుడు రెండోవైపు నరం కూడా దెబ్బతింటే శ్వాసే అడ్డుపడుతుంది.

పాత ప్లేటు తీయాలంటే ఇంకో చిక్కు. ఒక్కో కంపెనీ స్క్రూ తల ఒక్కో ఆకారంలో ఉంటుంది, దాన్ని పట్టే స్క్రూడ్రైవర్ వేరు, స్క్రూ వదులవకుండా పెట్టిన లాక్‌ను విప్పే పనిముట్టు వేరు. సరైన డ్రైవర్ లేకపోతే స్క్రూ తల అరిగిపోయి, చివరికి డ్రిల్లుతో కోయాల్సి వస్తుంది. అన్నవాహికకు ఆనుకునే జరిగే పని అది. ఆపరేషన్ రోజున ఇంప్లాంట్ డబ్బాల మీది స్టిక్కర్లు తీసి కేసు షీటులో అంటిస్తారు. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు వాటి మీదే ఉంటాయి. డిశ్చార్జి అయ్యేరోజున ఆ పేజీ జిరాక్స్, ఆపరేషన్ నోట్సు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలు అడిగి తెచ్చుకుని ఫోన్లో ఫొటోలు తీసిపెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత ఆసుపత్రి రికార్డు గదిలో ఆ ఫైలు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అది దొరక్కపోతే సర్జన్ పాత ఎక్స్‌రేలో ప్లేటు ఆకారం చూసి ఏ కంపెనీదో ఊహించి, నాలుగైదు రకాల డ్రైవర్ సెట్లు తెప్పించుకుని బల్ల దగ్గరికి వెళ్లాలి.